కంచె జరిగేలోపు ఒకసారి నడవనివ్వండి

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లావరంలో, సైన్యం కవాతు చేసే బ్రిగేడ్ గ్రౌండ్ పక్కన, కంకర కోసం తవ్విన ఒక చిన్న గుంత దగ్గర భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఒక చెక్కిన రాయిని ఏరుకున్నాడు. పాత రాతియుగం మనిషి ఈ దేశంలో బతికాడని లోకాన్ని నమ్మించిన మొదటి పనిముట్టు అది. అదే ఏడాది ఆయన, విలియం కింగ్ కలిసి చూసిన అత్తిరంపాక్కంలో అడుగు పొరలు సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో తేలింది. పల్లావరంలోనే తర్వాత అలెగ్జాండర్ రీ కాల్చిన మట్టి శవపేటికను వెలికితీశాడు. అక్కడి కొండకే పల్లవుల కాలపు గుహాలయం ఉంది. లక్షల ఏళ్ళ నాటి రాయి, ఇనుప యుగపు సమాధి, చారిత్రక యుగపు గుడి, అన్నీ ఒక కంటోన్మెంటు పరిసరాల్లోనే దొరికాయి. మన పూర్వచరిత్ర పరిశోధనకు పురుడు పోసింది సైన్యం నేలే అంటే అతిశయోక్తి కాదు.

మా విన్నపం ఒక్కటే. రక్షణ శాఖ చేతిలోంచి ఏ భూమి బయటికి వెళ్తున్నా, ఆ భూమిలో ఏ కొత్త కట్టడం మొదలవుతున్నా, అంతకుముందే అక్కడ పురావస్తు సర్వే జరిగి తీరాలని మీ శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. మేము అడుగుతున్నది తవ్వకం కాదు. నేల మీద నడిచి, చూసి, రాసుకోవడం.

ఇందులో సైన్యాన్ని తప్పుపట్టే ఉద్దేశం లేదు. ఇన్నాళ్ళూ ఈ స్థలాలను కాపాడింది మీ కంచే. బయటి సంగతి చూడండి. బళ్ళారి దగ్గర కప్పగల్లులో కొత్త రాతియుగపు బూడిద దిబ్బలనూ, కొండ రాళ్ళ మీద చెక్కిన బొమ్మలనూ గ్రానైటు క్వారీలు కొరికేస్తూ వచ్చాయి. సికింద్రాబాద్ బోయినపల్లి పక్కన హష్మత్‌పేటలో, జనం రాక్షస గుళ్ళని పిలిచే బృహత్‌శిలా సమాధులు రక్షిత స్థలమే అయినా చుట్టూ ఇళ్ళు వచ్చేశాయి. ఫైరింగ్ రేంజ్, అంటే సైన్యం కాల్పులు సాధన చేసే నేల, లోపల నాగలి తిరగదు, క్వారీ లీజు ఉండదు, ప్లాట్లు పడవు. గుండు పడిన చోట గుంత పడుతుంది నిజమే, కానీ ఆ గుంత పక్కన వంద గజాల నేల వెయ్యేళ్ళ కింద ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఇంగ్లండులో 1897 నుంచి సైన్యం చేతిలో ఉన్న సాలిస్‌బరీ మైదానం కథా ఇదే. సుమారు 94 వేల ఎకరాల ఆ శిక్షణ భూమిలో పాత సమాధి దిబ్బలు, పొలం గట్లు నిలిచి ఉన్నాయి. కంచె అవతలి పొలాల్లో ట్రాక్టర్లు వాటిని చదును చేసేశాయి.

అయితే ఇప్పుడు కంచె కదులుతోంది. 2023 ఏప్రిల్‌లో హిమాచల్‌లోని యోల్ కంటోన్మెంటు హోదా రద్దయింది. మిగతా కంటోన్మెంట్లలోని పౌర ప్రాంతాలను పక్క మున్సిపాలిటీల్లో కలిపే పని నడుస్తోంది. 2024లో సికింద్రాబాద్‌లో ఎలివేటెడ్ కారిడార్ల కోసం రక్షణ భూమి ఇవ్వడానికి మీ శాఖ ఒప్పుకుంది. రోడ్లు వద్దని మేము అనడం లేదు. కాకపోతే బొల్లారం, మౌలాలి, హష్మత్‌పేట చుట్టుపక్కల నేలంతా ఇనుప యుగపు సమాధులకు పేరుపడ్డది. అక్కడ ఒక్క పిల్లర్ పునాది గుంత ఒక రాతి గూడు సమాధిని పూర్తిగా మింగేయగలదు, ఆ సంగతి జేసీబీ డ్రైవరుకు కూడా తెలియదు.

చట్టం ఉంది కదా అనవచ్చు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధమనీ, ఆ పైన 200 మీటర్లు నియంత్రితమనీ చెబుతాయి. దేశం మొత్తం మీద కేంద్ర రక్షిత కట్టడాలు 3,600కు పైగా ఉన్నాయి. జాబితాలో పేరు ఉంటేనే ఆ రక్షణ. పేరు ఎక్కాలంటే ముందు ఎవరైనా చూసి ఉండాలి. ఊళ్ళ జాబితా పట్టుకుని తిరిగే సర్వే బృందం రేంజ్ గేటు దగ్గర ఆగిపోతుంది. అందువల్ల కంచె లోపలి స్థలం చట్టం దృష్టిలో ఖాళీ నేల. అలహాబాదు కోటలో అశోక స్తంభం సైన్యం ఆవరణలోనే ఉన్నా దాని గురించి లోకానికి తెలుసు. అశోకుడి ధర్మలిపి, సముద్రగుప్తుడి ప్రశస్తి, జహంగీరు శాసనం ఒకే రాతి మీద ఉన్నాయి కనుక. ఒక నీటి వాగు ఒడ్డున చెల్లాచెదురుగా పడి ఉన్న, పాతకాలపు మనిషి చెక్కిన 40 రాతి పెచ్చులకు అంత పలుకుబడి ఎక్కడిది?

ఇక పని ఎలా చేయాలన్నది. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నందుకు మన్నించాలి. మామూలు పొలంలో చేసే సర్వే పద్ధతిని రేంజ్‌లోకి యథాతథంగా తెస్తే డబ్బు వృథా అవుతుంది, మనుషులకు ప్రమాదం కూడా.

మొదటి అంచె ఆఫీసులోనే. రక్షణ భూములను చూసే మీ ఎస్టేట్స్ డైరెక్టరేట్ 2018 అక్టోబరులో మొదలుపెట్టి 17.78 లక్షల ఎకరాల రక్షణ భూమిని కొలిచింది. 2022 జనవరిలో ఆ సంగతి ప్రకటించింది. డీజీపీఎస్ (చోటును కచ్చితంగా కొలిచే ఉపగ్రహ పరికరం), ఉపగ్రహ చిత్రాలు, కొన్నిచోట్ల డ్రోన్లు వాడింది. అంటే మాకు కావలసిన ముడి సరుకు సగం మీ దగ్గరే ఉంది. సైనిక స్థావరాల మీద బయటివాళ్ళు డ్రోన్ ఎగరేయడం కుదరదు, కుదరాలని అడగడమూ లేదు. ఆ చిత్రాలను మీ కార్యాలయంలోనే, మీ కంప్యూటరు మీదే, మీ అధికారి ఎదుట ఇద్దరు పురావస్తు నిపుణులు వారం రోజులు చూస్తే చాలు. కాపీ అక్కర్లేదు. వీటికి తోడు 1960ల నాటి అమెరికా ‘కరోనా’ అనే గూఢచారి ఉపగ్రహాల ఫోటోలు ఇప్పుడు అందరికీ దొరుకుతున్నాయి. రేంజ్ విస్తరించక ముందు అక్కడ చెరువు కట్ట, కోట గోడ, పాడుపడిన ఊరిదిబ్బ ఎక్కడున్నాయో వాటిలో కనిపిస్తుంది. భూమి తీసుకున్నప్పుడు ఖాళీ చేయించిన ఊళ్ళ పేర్లు పాత రెవెన్యూ పటాల్లో ఉంటాయి. ‘పాటిమీద’, ‘దిబ్బ’, ‘గుళ్ళ’ లాంటి పొలం పేర్లు కనిపిస్తే ఆ చోటికి ముందు వెళ్ళాలి.

రెండో అంచె నేలను విడగొట్టడం. గుండ్లు పడే నడిమి భాగంలోకి ఎవరూ అడుగుపెట్టకూడదు, అక్కడ సర్వే అనే మాటే వద్దు. దాని చుట్టూ ఉన్న భాగంలో సైన్యపు బాంబ్ డిస్పోజల్ బృందం ముందు నడిచి చూపిన దారిలోనే వెళ్ళాలి. ట్యాంకులు, ట్రక్కులు తిరిగే వెలుపలి భాగం, కంచె అంచు, క్యాంపు స్థలాల్లో మామూలుగా నడవచ్చు. ఇనుప ముక్క ఏది కనిపించినా ముట్టుకోకుండా జెండా పాతి అధికారిని పిలవాలి. ఇందులో ఒక చిక్కుంది. పాత ఇనుము కరిగించిన చోట మిగిలే చిట్టెం గడ్డలు, తుప్పు పట్టిన గుండు పెంకులు దూరం నుంచి ఒకేలా ఉంటాయి. చిట్టెం చారిత్రక ఆధారం. రెండోది ప్రాణం తీయవచ్చు. కాబట్టి రేంజ్‌లో చిట్టెం నమూనాలు ఏరే పని సైనికుడు సరేనన్నాకే.

లెక్క చెబుతాం. ఆరుగురు 10 మీటర్ల ఎడంతో వరుసగా నడిస్తే 60 మీటర్ల వెడల్పు. ఒక కిలోమీటరు నడిస్తే ఆరు హెక్టార్లు. ఆగి, రాసుకుని, ఫోటో తీసుకుంటూ వెళ్తే దానికి గంటన్నర. ఎండ ముదిరేలోపు మూడు వరుసలు, అంటే రోజుకు 18 హెక్టార్లు. 5,000 ఎకరాల రేంజ్ అంటే దాదాపు 2,020 హెక్టార్లు. అంతా నడవాలంటే 112 పని దినాలు. అన్ని రోజులు ఏ యూనిట్టూ రేంజ్ ఖాళీగా ఉంచదు, అది మాకూ తెలుసు. అందుకే ఐదో వంతు చాలు. అది 23 రోజుల పని. కానీ ఆ ఐదో వంతును చీటీలు తీసినట్టు ఎంచుకోకూడదు. వాగుల ఒడ్డు, కొండల పాదం, కంకర తేలిన మెరకలు, పాత చెరువుల వెనక భాగం, రాతి గుండ్ల కింది నీడ చోట్లు, వీటికి ఎక్కువ వాటా. చదునైన నల్లరేగడికి తక్కువ. రేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి పైవాటిని లోపలికి లాగుతుంది, వానకు ఉబ్బి లోపలివాటిని పైకి తోస్తుంది. దాని మీద దొరికిన కుండ పెంకు ఏ కాలపు పొరదో చెప్పడం కష్టం.

ఈ 10 మీటర్ల ఎడం గురించి ఒక నిజం దాచకూడదు. నడిచే మనిషి నిజంగా చూసేది అటు ఒక మీటరు, ఇటు ఒక మీటరు. అంటే నడిచిన పట్టీలో కూడా ఐదింట నాలుగు వంతులు కళ్ళ పడదు. సమాధి రాళ్ళ వలయం తప్పిపోదు. సూక్ష్మశిలా పనిముట్ల, అంటే చిన్న చిన్న రాతి పనిముట్ల, గుంపు తప్పిపోవచ్చు. అందుకే ఏదైనా దొరికిన చోటికి తిరిగి వెళ్ళి రెండు మీటర్ల ఎడంతో మళ్ళీ నడవాలి. ‘ఏమీ లేదు’ అని రాసేముందు ఏ ఎడంతో నడిచారో, గడ్డి ఎంత ఉందో, ఏ నెలో రాయాలి. మోకాలెత్తు గడ్డిలో నడిచి ఏమీ లేదని రాసిన నివేదిక అసలు లేకపోవడం కన్నా చెడ్డది. ఎందుకంటే దాన్ని చూపించి బుల్‌డోజర్ లోపలికి వస్తుంది.

యంత్రాలు ఉన్నాయి కదా, నడవడం ఎందుకు అని మీ ఇంజినీర్లు అడగవచ్చు. రేంజ్‌లో యంత్రాలకు గడ్డుకాలం. మాగ్నెటోమీటరు నేలలోని అయస్కాంత తేడాలను పట్టి పాత పొయ్యిలను, గుంతలను చూపుతుంది. దశాబ్దాల తూటా ముక్కలు చల్లిన నేలలో అది ఆ ఇనుమును మాత్రమే చూపిస్తుంది. దక్కను నల్లరాతి నేలల్లో రాయే అయస్కాంత గుణంతో ఉంటుంది కనుక అక్కడ మరీ దండగ. విద్యుత్ నిరోధం కొలిచే పద్ధతిలో లోహపు కడ్డీలు నేలలోకి గుచ్చాలి. పేలని గుండు ఎక్కడుందో తెలియని నేలలో గుచ్చే పని ఎవరూ చేయించకూడదు. రాడార్ బండిని నేల మీద లాగవచ్చు గానీ బంక మన్నులో దాని తరంగాలు త్వరగా ఇంకిపోతాయి. ఇసుక, కంకర నేలల్లో, అదీ సైన్యం శుభ్రం చేసిన చోట, అది పనికొస్తుంది. మిగతా చోట్ల నడకే గతి.

సైన్యం తవ్విన కందకాలు మాత్రం మాకు వరం. నేల పొరలు చూడాలంటే మేము గుంత తవ్వాలి, అనుమతి కావాలి. అక్కడ ఇప్పటికే తవ్వి ఉంది. కందకం గోడను కరణితో పలచగా చెక్కి శుభ్రం చేసి, పొరల బొమ్మ గీసుకుని, మళ్ళీ వదిలేయవచ్చు. మన్నుకు చివరిసారి వెలుతురు ఎప్పుడు తగిలిందో కొలిచే కాలనిర్ణయానికి మన్ను తీయాలంటే వెలుతురు తగిలిన పైభాగాన్ని కనీసం 30 సెంటీమీటర్లు లోపలికి చెక్కి, చీకటి గొట్టంలో తీయాలి. బొగ్గు నమూనాల విషయంలో ఇంకా జాగ్రత్త. వాహనాలు నిలిపిన చోట డీజిల్, ఆయిల్ ఇంకి ఉంటాయి. పెట్రోలియంలో, బొగ్గు వయసు లెక్కగట్టే రేడియోకార్బన్ బొత్తిగా ఉండదు, కాబట్టి అది అంటిన బొగ్గు ఉన్న వయసు కంటే పాతదిగా తేలుతుంది. 2,500 ఏళ్ళ సమాధికి 4,000 ఏళ్ళు అంటగట్టి సంబరపడే ప్రమాదం ఉంది.

మోసపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. ట్యాంకు పట్టాలు క్వార్ట్‌జైట్ గులకరాళ్ళను నలిపితే అచ్చం మనిషి కొట్టినట్టే పెచ్చులు లేస్తాయి. గుండు ముక్క తగిలినా అంతే. తేడా పట్టాలంటే విరిగిన ముఖం రంగు చూడాలి. పాత పెచ్చుకు రాయి మొత్తం మీద ఒకే ముసలి పొర ఉంటుంది, ట్యాంకు పెచ్చు లోపలి ముఖం తాజాగా మెరుస్తుంది. దెబ్బలు ఒక వరుసలో, ఒక ఉద్దేశంతో పడ్డాయా, ఎటుపడితే అటు పడ్డాయా అన్నది రెండో పరీక్ష. అలాగే గుండు పడిన గుంత చుట్టూ ఎగజిమ్మిన మట్టిలో దొరికినవి కింది పొర నుంచి పైకి వచ్చినవి. వాటిని విడి సంచిలో వేసి విడిగా రాయాలి, నేల మీది సాంద్రత లెక్కలో కలపకూడదు.

ఇక రాళ్ళ వలయాల సంగతి. తెల్లగా సున్నం కొట్టిన గుండ్రని రాళ్ళ వరుస హెలిప్యాడ్ కావచ్చు, మూడువేల ఏళ్ళ నాటి సమాధీ కావచ్చు, సమాధి రాళ్ళను దొర్లించుకొచ్చి పేర్చిన హెలిప్యాడూ కావచ్చు. తనిఖీ వస్తోందంటే కనిపించిన ప్రతి రాయికీ గేరు (ఎర్రమట్టి రంగు), చునా (సున్నం) పడడం మన సైన్యంలో ఆచారం. అందులో దురుద్దేశం లేదు, కానీ వీరగల్లు (వీరుల స్మారక శిల) మీద, శాసనం మీద సున్నం పొరలు పేరుకుంటే అక్షరాలు పూడిపోతాయి. దాన్ని వైరు బ్రష్షుతో గీకితే అక్షరమే పోతుంది. ఆమ్లం పోస్తే సున్నపురాయి శాసనం కరిగిపోతుంది. తడిపి, మెత్తని కుంచెతో, వెదురు పుల్లతో ఓపికగా తీయాల్సిన పని అది. చేతకాకపోతే అలాగే వదిలేయడం మేలు, సున్నం కింద అక్షరం కొన్నాళ్ళు బతుకుతుంది.

తవ్వే పని తప్పనప్పుడు పాటించవలసింది కూడా తక్కువే. ఇరాక్‌లోని బాబిలోన్‌లో 2003 తర్వాత విదేశీ సైన్యాలు శిబిరం వేసినప్పుడు జరిగిన నష్టాన్ని బ్రిటిష్ మ్యూజియం 2005లో నమోదు చేసింది. శిథిలాల మధ్య కందకాలు తవ్వారు, కుండ పెంకులతో నిండిన మట్టినే రక్షణ సంచుల్లో నింపారు, బయటి నుంచి కంకర తెచ్చి పరిచారు. ఈ చివరిది చాలామందికి తప్పుగా తోచదు. ఇంకో చోటి మట్టిలో ఇంకో కాలపు పెంకులు, రాళ్ళు ఉంటాయి. అవి కలిశాక ఆ నేల చెప్పే సాక్ష్యం చెల్లదు. కాబట్టి గుర్తించిన స్థలం చుట్టూ 30 మీటర్ల మేర ఇసుక బస్తాలకు మట్టి తీయకూడదు, బయటి మొరం పోయకూడదు, రాళ్ళు ఏరి మోర్చాలు (కాల్పుల చాటు గోడలు) కట్టకూడదు, బరువు వాహనాలు నిలపకూడదు. నాలుగు మూలలా స్తంభాలు, ‘తవ్వరాదు’ అన్న ఒక గుర్తు చాలు. అక్కడ ఏముందో బోర్డు మీద రాయనక్కర్లేదు, రాస్తే నిక్షేపాల కోసం రాత్రిపూట గడ్డపారలు వస్తాయి.

భద్రత గురించి మీ అధికారుల అభ్యంతరం మేము ఊహించగలం. నివేదిక రెండు భాగాలుగా ఉండాలి. కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు, పటాలు ఉన్న భాగం ఎస్టేట్స్ కార్యాలయంలోనూ, కేంద్ర పురావస్తు శాఖ మహానిర్దేశకుల దగ్గరా తాళం కింద. వస్తువుల వివరాలు, కాలం, బొమ్మలు ఉన్న భాగం అందరికీ. మొబైల్ ఫోన్లు గేటు దగ్గరే వదిలేస్తాం, కెమెరా మీదే ఇవ్వండి. దొరికిన వస్తువులు మాత్రం పురావస్తు శాఖ భద్రతలోకే వెళ్ళాలి, ఆఫీసర్స్ మెస్ అద్దాల బీరువాలోకి కాదు. ఎక్కడ, ఏ పొరలో దొరికిందో చీటీ లేని రాతి చేతిగొడ్డలి ఎంత అందంగా ఉన్నా అది ఉత్త రాయి.

ఇది సైన్యానికి కొత్త విద్య ఏమీ కాదు. అమరావతి స్తూపాన్ని లోకానికి చూపినవాడూ, మన ఊళ్ళ కైఫీయత్తులు (ఊరి చరిత్రలు) రాయించినవాడూ కల్నల్ కాలిన్ మెకంజీ. పచ్‌మఢీ గుహల్లోని చిత్రాలను 1930లలో పట్టించుకుని రాసిన గోర్డన్ కూడా సైనికాధికారే. యుద్ధాల్లో సాంస్కృతిక సంపదను కాపాడే 1954 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం 1958లో చేరింది. సాంస్కృతిక సంపద గురించి శాంతికాలంలోనే సైనిక నియమాల్లో చేర్చాలనీ, సైన్యంలో అందుకు తగిన మనుషులను సిద్ధం చేసుకోవాలనీ దాని ఏడో అధికరణం చెబుతోంది.

చేయవలసిన ఉత్తర్వు రెండు పేజీలు దాటదు. కంటోన్మెంట్లలోని జనరల్ ల్యాండ్ రిజిస్టరులోనూ, బయటి భూముల మిలిటరీ ల్యాండ్ రిజిస్టరులోనూ ‘పురావస్తు సర్వే జరిగిందా, ఎప్పుడు, ఏ ఎడంతో’ అన్న ఒక గడి చేర్చాలి. ఆ గడి నిండకుండా భూమి బదిలీ దస్త్రం ముందుకు కదలకూడదు, ఎంఈఎస్ (సైన్యపు ఇంజినీరింగ్ విభాగం) కొత్త పనికి పునాది గీత పడకూడదు. ముందుగా వెళ్ళవలసినవి బదిలీకి సిద్ధంగా ఉన్న భూములు. రేంజ్‌లు తర్వాత చూడవచ్చు, అవి ఎక్కడికీ పోవు.

గడ్డి ఎండిపోయి నేల బయటపడే ఫిబ్రవరి, మార్చి నెలలు దక్కనులో ఈ పనికి అనువైనవి. తొలకరి వాన దుమ్ము కడిగేశాక జూన్‌లో మరో పది రోజులు దొరికితే ఇంకా మంచిది. మొదట సికింద్రాబాద్‌లో ఇవ్వబోయే భూమితో మొదలుపెట్టవచ్చు. ఆ నెలల్లో శిక్షణ లేని రోజులు ఏవో స్టేషన్ హెడ్‌క్వార్టర్స్ నుంచి పదిహేను రోజుల ముందు చెప్పిస్తే ఆరుగురు నడిచే మనుషులు, ఇద్దరు రాసేవాళ్ళు, ఒక శాసన పరిశోధకుడు గేటు దగ్గర సిద్ధంగా ఉంటారు. మీ వైపు నుంచి ఒక అధికారి, బాంబ్ డిస్పోజల్ నుంచి ఇద్దరు చాలు.

ఇట్లు,
పురావస్తు క్షేత్ర సర్వేలో పనిచేసేవాళ్ళం

ప్రతులు: కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి, రక్షణ ఎస్టేట్స్ డైరెక్టర్ జనరల్ గారికి, కేంద్ర పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ గారికి